వైస్ అడ్మిరల్ కృష్ణన్: 1971లో విశాఖ నుంచి నడిచిన యుద్ధం (గాజీ ఒక్కటే కాదు)

కురుసుర_గట్టు (విశాఖపట్నం)

ప్రతి డిసెంబరులోనూ ఇదే వరస. నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగిన ఏడాది ఆర్కే బీచ్ జనంతో నిండిపోతుంది. మర్నాటి నుంచి 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీని ఎవరు ముంచారన్న పాత గొడవ మొదలవుతుంది. నాలుగు రోజులు వాదించుకుని మళ్లీ ఏడాది దాకా మర్చిపోతాం.

ఈసారి గాజీని కాస్త పక్కన పెట్టి, ఆ రోజుల్లో విశాఖలో కూర్చుని బంగాళాఖాతం మొత్తాన్ని నడిపించిన మనిషి గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. 1971 యుద్ధంలో తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి. డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో పాకిస్తాన్ తూర్పు సైన్యాధిపతి నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఫొటో అందరూ చూసే ఉంటారు. వెనక నిలబడ్డ వరసలో నౌకాదళం తరఫున ఉన్నది ఈయనే.

మన ఊళ్లో ఆయన పేరు ఎంతమందికి తెలుసు? యుద్ధనౌక కెప్టెన్ ఏం చేస్తాడో అందరికీ తెలుసు. ఒడ్డున ఆఫీసులో కూర్చునే అడ్మిరల్ యుద్ధంలో ఏం చేస్తాడు? ఆయన గొప్పతనాన్ని దేన్ని బట్టి లెక్కేయాలి? తెలిసినవాళ్లు రాయండి.

చరిత్రపిచ్చి (రాజమండ్రి)

మంచి చర్చ ఎత్తారు. 1971 ఒక్కటే చూస్తే కృష్ణన్ సగమే అర్థమవుతాడు. కాబట్టి ముందు సంగతి కొంచెం చెప్తాను.

ఆయన 1919లో పుట్టిన తమిళుడు. బ్రిటిష్ కాలపు రాయల్ ఇండియన్ నేవీలో చేరాడు. అప్పట్లో అందులో భారతీయ అధికారులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, పర్షియన్ గల్ఫ్‌లో చూపిన సాహసానికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అనే బ్రిటిష్ శౌర్య పతకం వచ్చింది. అంటే పాతికేళ్లు నిండకముందే శత్రువుకి ఎదురుపడ్డ మనిషి.

ఇరవై ఏళ్ల తర్వాత, 1961 డిసెంబరులో గోవా విముక్తి సమయంలో, ఐఎన్ఎస్ ఢిల్లీ అనే క్రూజర్‌కి (పెద్ద ఫిరంగుల యుద్ధనౌక) కెప్టెన్‌గా, గుజరాత్ తీరంలో పోర్చుగీసుల చేతిలో ఉన్న డయ్యూ ముందు నిలబడ్డాడు. నేల మీద మన సైనికులు పోర్చుగీసు కోట దగ్గర ఇరుక్కుపోయినప్పుడు సముద్రం మీంచి ఢిల్లీ ఫిరంగులు పేల్చి వాళ్లకి దారి చేసింది. ఆ ఢిల్లీ కూడా మామూలు ఓడ కాదు. 1939లో అకిలీజ్ అన్న పేరుతో దక్షిణ అమెరికా తీరంలో జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీని తరిమిన మూడు నౌకల్లో అదొకటి.

తర్వాత ఢిల్లీ నగరంలో నౌకాదళ ప్రధాన కార్యాలయంలో ఉప ప్రధానాధికారిగా చేసి విశాఖ వచ్చాడు. చిన్న పడవల దగ్గర్నుంచి క్రూజర్ దాకా, అక్కడి నుంచి ఢిల్లీ ఫైళ్ల దాకా అన్నీ చూసినవాడే ఇక్కడికి వచ్చాడన్నమాట.

ఓరుగల్లు_అన్న (హనుమకొండ)

అన్నా, నాకొక డౌట్. తూర్పు కమాండ్ అంటే అప్పట్ల ఎంత పెద్దది? నౌకాదళం అంటే బొంబాయే కద అసలు కేంద్రం.

చరిత్రపిచ్చి

సరిగ్గా అడిగావు తమ్ముడూ. బొంబాయే కేంద్రం. తూర్పు నౌకాదళ కమాండ్ 1968 మార్చి 1న ఏర్పడింది, అంటే యుద్ధం నాటికి దాని వయసు మూడేళ్లు దాటిందంతే. ఈస్టర్న్ ఫ్లీట్ అనే నౌకల దండు 1971 నవంబరు 1న ఏర్పాటైంది. యుద్ధం మొదలైంది డిసెంబరు 3న! నెల రోజుల వయసున్న దండుతో యుద్ధానికి వెళ్లారు. ఆ దండుని సముద్రం మీద నడిపింది రియర్ అడ్మిరల్ శ్రీహరిలాల్ శర్మ, ఒడిశా మనిషి. పైనుంచి మొత్తం ప్రణాళిక, బాధ్యత కృష్ణన్‌ది.

విమాన వాహక నౌక విక్రాంత్, బ్రహ్మపుత్ర, బియాస్ ఫ్రిగేట్లు, రష్యా నుంచి వచ్చిన కమోర్తా, కవరత్తి, పనికాలం అయిపోవచ్చిన డిస్ట్రాయర్ రాజ్‌పుత్, దళాల్ని దింపే ఓడలు కొన్ని, ఖందేరి జలాంతర్గామి. ఇదీ బలగం.

పాత_నావికుడు (గాజువాక)

నేను ఇంజిన్ రూమ్‌లో పనిచేసి రిటైరైన వాణ్ని. 71 నాటికి ఇంకా చేరలేదు. కానీ మాకు నేర్పిన పెద్దలు చాలామంది అప్పటి విక్రాంత్ వాళ్లే. అందుకని నాకు తెలిసిన కోణం రాస్తాను. కృష్ణన్ గారి అసలు ధైర్యం గాజీ దగ్గర లేదు, బాయిలర్ దగ్గరుంది.

విక్రాంత్‌కి నాలుగు బాయిలర్లు. ఓడని నడిపే ఆవిరి పుట్టేది వాటిలోనే. 1970లో వాటిలో ఒకదాని డ్రమ్ముకి పగుళ్లు కనిపించాయి. దాన్ని మార్చాలంటే ఓడ కడుపు కోసి తియ్యాలి, కొత్త డ్రమ్ము బ్రిటన్ నుంచి రావాలి, నెలలు నెలలు పడుతుంది. దాంతో దేశంలో ఉన్న ఒకే ఒక్క విమాన వాహక నౌక బొంబాయిలో కట్టేసి పడుంది. 1965 యుద్ధంలో కూడా అది మరమ్మతులోనే ఉండి సముద్రం మీదికి రాలేదు. ఇంకో యుద్ధానికి కూడా రాకపోతే ఆ ఓడ ఎందుకని జనం అడుగుతారని నౌకాదళంలో అందరికీ తెలుసు.

ఇప్పుడు బాయిలర్ సంగతి వినండి. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంది కదా, దాని గిన్నెకి సన్నని చీలిక ఉందని తెలిసి కూడా పొయ్యి మీద పెట్టి పక్కనే నిలబడగలరా? అలాంటి చోట మనుషులు వంతులు వేసుకుని డ్యూటీ చెయ్యాలి. ఆవిరి బయటికి తన్నిందంటే ఆ గదిలో ఉన్నవాళ్లు బతకరు. చివరికి పగులున్న బాయిలర్‌కి ఉక్కు పట్టీలు బిగించి, ఒత్తిడి తగ్గించి, దాంతో వేగం తగ్గినా సరే, భద్రత చూసుకుంటూ ఓడని కదిలించారు. ఆ నిర్ణయం నౌకాదళాధిపతి అడ్మిరల్ నందాది. దాన్ని తన సముద్రంలో వాడతానని, బాధ్యత తనదని ముందుకొచ్చింది కృష్ణన్.

డాలస్_శ్రీ (టెక్సస్)

పాత నావికుడు గారూ, నమస్తే. వేగం తగ్గితే విమానాలు ఎగరడానికి ఏం సంబంధమో కొంచెం విడమర్చి చెప్తారా? మా అబ్బాయి అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను.

పాత_నావికుడు

తప్పకుండా బాబూ. ఓడ మీద రన్‌వే చాలా చిన్నది. విమానం పైకి లేవాలంటే దాని రెక్కల మీదుగా గాలి ఒక వేగంతో పోవాలి. ఆ వేగంలో కొంత కేటపుల్ట్ ఇస్తుంది. అది ఆవిరితో విమానాన్ని ముందుకి విసిరే యంత్రం. కొంత ఎదురుగాలి ఇస్తుంది. మిగతాది ఓడ తన పరుగుతో ఇవ్వాలి. అందుకే విమానాలు లేచే ముందు ఓడని గాలికి ఎదురుగా తిప్పి పూర్తి వేగంతో పరిగెత్తిస్తారు.

విక్రాంత్ కొత్తప్పుడు 24 నాట్ల (గంటకి 44 కిలోమీటర్ల) పైన పరిగెత్తేది. బాయిలర్ దెబ్బకి వేగం బాగా పడిపోయింది. పైగా డిసెంబరులో బంగాళాఖాతం చాలా రోజులు నిమ్మళంగా ఉంటుంది, గాలి సాయం కూడా తక్కువ. సీ హాక్ జెట్లు ఒక రకం, అలీజ్ విమానాలు ఇంకో రకం. దేనికెంత బరువు మోయించాలో, ఎన్ని బాంబులు తగ్గించాలో ప్రతి ఎగురుడుకీ లెక్కకట్టాలి. అంతా లెక్క కట్టుకునే దిగారు. విక్రాంత్ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్ గారికి తర్వాత మహావీర చక్ర వచ్చింది. ఆయనకి దక్కాల్సిందే.

కురుసుర_గట్టు

ఇదీ నేను అడిగింది. చాలా బాగా చెప్పారు మాస్టారూ.

దీనికి ఇంకో సంగతి జోడిస్తాను. విశాఖ రేవు అప్పట్లో ఇప్పటిలా లేదు. ఔటర్ హార్బర్ ఇంకా రాలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకైన కాలువలో ఓడలు వచ్చి పోవాలి. బయట ఒక జలాంతర్గామి కాపు కాస్తే ఏ ఓడ ఏ దారిన బయటికొస్తుందో దానికి ముందే తెలుసు. అలాంటి చోట దేశంలో అతి విలువైన ఓడని ఉంచడమంటే కృష్ణన్‌కి రాత్రిళ్లు నిద్ర పట్టి ఉండదు.

ఓరుగల్లు_అన్న

గాజీనే ఎందుకు పంపిన్రు పాకిస్తానోళ్లు? ఇంక జలాంతర్గాములు లేవా వాళ్లకి?

చరిత్రపిచ్చి

ఉన్నాయి. ఫ్రాన్స్ నుంచి కొన్న డాఫ్నే రకం జలాంతర్గాములు మూడు ఉన్నాయి. కొత్తవి, బాగా పనిచేసేవి. కానీ కరాచీ నుంచి శ్రీలంక చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి, కొన్నాళ్లు ఉండి, తిరిగి పోయేంత దూరం వాటికి చేతకాదు. ఆ దూరం పోగలిగింది గాజీ ఒక్కటే. అది అమెరికా వాళ్ల పాత డయాబ్లో, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో కట్టింది. 1964లో పాకిస్తాన్ చేతికొచ్చింది. తర్వాత టర్కీలో మరమ్మతు చేయించి మందుపాతరలు వేసే సదుపాయం కూడా పెట్టించారు. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్. విక్రాంత్‌ని వెతికి ముంచడం వాళ్లకిచ్చిన ప్రధానమైన పని.

గాజీ వచ్చిందని మన వాళ్లకి ఎలా తెలిసిందన్నది నాకు చాలా ఇష్టమైన ఘట్టం. పాకిస్తాన్ వైపు నుంచి తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) రేవు చిట్టగాంగ్‌కి వెళ్లిన ఒక సందేశం మన వాళ్ల చేతికి చిక్కింది. అందులో ఉన్నది ఒక రకం కందెన నూనె గురించి ఆరా. ఆ నూనె వాడేది జలాంతర్గాములూ, సముద్రంలో మందుపాతరలు ఏరే మైన్‌స్వీపర్లూ మాత్రమే. తూర్పున పాకిస్తాన్‌కి జలాంతర్గామి లేదు. మరి ఎవరికి ఆ నూనె? అక్కడి నుంచే గాజీ బంగాళాఖాతంలోకి వస్తోందని అంచనా కట్టారు. ఒక్క నూనె డబ్బా మీద ఇంత యుద్ధం తిరిగింది.

ఉషోదయం (కాకినాడ)

మా అమ్మ అప్పుడు విశాఖలో కాలేజీలో చదువుకునేది. కిటికీ అద్దాలకి నల్ల కాగితాలు అంటించేవారని, బస్సుల హెడ్‌లైట్లకి సగం నల్లరంగు పూసేవారని, సైరన్ మోగితే వార్డెన్లు వీధుల్లో తిరుగుతూ దీపం కనిపించిన ఇంటి తలుపు కొట్టేవారని చెప్తుంది. రిఫైనరీ ఉంది, షిప్‌యార్డ్ ఉంది, రేవుంది, భయం లేకుండా ఎలా ఉంటుంది? అదే సమయంలో బజార్లో మాంసం, కూరగాయలు టోకున కొనేస్తున్నారని, పెద్ద ఓడేదో వచ్చిందని ఊళ్లో అనుకునేవారట. ఆ కొనుగోళ్లే ఎత్తుగడ అని అమ్మకి చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఓరుగల్లు_అన్న

గిదే నేను అడగాలనుకున్న. విక్రాంత్ అండమాన్ల దాసిపెట్టిన్రు కద. మరి విశాఖల ఉన్నట్టు ఎట్ల నమ్మించిన్రు?

కురుసుర_గట్టు

ఉషోదయం గారు చెప్పింది అందులో ఒక ముక్క. కృష్ణన్ తర్వాత స్వయంగా రాసుకున్నదాని ప్రకారం మొత్తం ఇలా నడిచింది.

విక్రాంత్‌నీ తోటి నౌకల్నీ నవంబరులోనే అండమాన్ దీవుల్లో మారుమూల ఉన్న రేవుకి పంపేశారు. దానికి పోర్ట్ ఎక్స్‌రే అని సంకేత నామం. ఇక్కడేమో పాత రాజ్‌పుత్ ఓడకి విక్రాంత్ వేషం కట్టారు. వేషమంటే రంగు పుయ్యడం కాదు, వైర్‌లెస్ వేషం. విశాఖకి సుమారు 160 మైళ్ల దూరం పోయి అక్కడి నుంచి విక్రాంత్ పేరుతో ఎడతెరిపి లేకుండా సందేశాలు పంపింది. అంత రేడియో రద్దీ పెద్ద ఓడకే ఉంటుందని వినేవాడు అనుకోవాలి. మద్రాసు రేవు అధికారులకి విక్రాంత్ వస్తోంది, చోటు సిద్ధం చెయ్యండని కబురు. విశాఖలో రేషన్లకి భారీ ఆర్డర్లు.

వీటన్నిటిలో నన్ను కదిలించేది ఒక టెలిగ్రామ్. విక్రాంత్ మీదున్న నావికుడు ఇంట్లో తల్లికి బాగోలేదని, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతూ మామూలు పౌర తంతి పంపినట్టు కల్పించారు. యుద్ధ సమయంలో ఓడ పేరు బయటపెట్టేలా అలా తంతి పంపడం పెద్ద నేరం. కానీ శత్రువు చెవిన పడ్డాక అది నిజమనిపించేది సరిగ్గా అందుకే. క్రమశిక్షణ తప్పిన కుర్రాడి ఆత్రం కంటే నమ్మదగిన సాక్ష్యం ఏముంటుంది?

తర్కం_తాతయ్య (నెల్లూరు)

అందరూ ఒకే వైపు పోతున్నారు కాబట్టి నేను అటుపక్క మాట్లాడతాను. కృష్ణన్ అంటే నాకు గౌరవమే. కానీ ఈ వలపన్నడం కథంతా ప్రధానంగా ఆయన రాసుకున్నదాని మీదే ఆధారపడి ఉంది. తూర్పున విక్రాంత్ నిలిచే రేవు విశాఖే. ఏ టెలిగ్రామూ లేకపోయినా గాజీ మద్రాసు, విశాఖ వైపే వచ్చేది కదా? ఎర వెయ్యకపోయినా చేప వచ్చేదేనని నా అభిప్రాయం.

గాజీ మునిగిన తీరు మీద కూడా ఏకాభిప్రాయం లేదు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలు (నీళ్లలో మునిగి పేలే బాంబులు) ముంచాయని మన నౌకాదళం మాట. తను వేసిన మందుపాతర మీదికే తిరిగి వచ్చిందనీ, లోపల ఏదో పేలిందనీ పాకిస్తాన్ వాళ్లూ, మన వాళ్లలోనే కొందరు రిటైరైన అధికారులూ అంటారు. మరి ఘనత అడ్మిరల్‌కి ఎలా కట్టబెడతాం?

చరిత్రపిచ్చి

తాతయ్య గారూ, పేలుడు కారణం మీద మీరన్నది న్యాయమే, అది తేలలేదు. ఆ రాత్రి సంగతి తెలిసినంత వరకూ ఇది. డిసెంబరు 3 అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ రేవు వదిలింది. కాలువ దాటాక, రేవు దారి చూపించే పైలట్‌ని దింపడానికి ఆగాలి. జలాంతర్గామి బయటే ఉందేమోనన్న అనుమానంతో కెప్టెన్ ఇందర్ సింగ్ పైలట్‌ని దింపీ దింపగానే పూర్తి వేగం అందుకున్నాడు. నీళ్లలో ఏదో కదలిక ఉందని కాపలా మనిషి చెప్పాడు. రెండు డెప్త్ చార్జీలు వేశారు. కొన్ని నిమిషాలకి ఊరి కిటికీలు అదిరేంత పేలుడు. ఇంచుమించు అదే సమయంలో ఇందిరాగాంధీ రేడియోలో దేశానికి యుద్ధం సంగతి చెప్తోంది. గాజీలో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు.

కానీ మీ మొదటి మాటతో నేను ఏకీభవించలేను. గాజీ ఎలాగూ విశాఖ వచ్చేదే అనుకుందాం. వచ్చి చూసి విక్రాంత్ లేదనుకుంటే ఏం చేసేది? అండమాన్ వైపు వెతుక్కుంటూ పోయేది, లేదా చిట్టగాంగ్ దారిలో కాపు కాసేది. అది విశాఖ గుమ్మం ముందే నిలబడిందంటే ఇక్కడ విలువైనదేదో ఉందని నమ్మింది కాబట్టే. ముంచింది ఎవరైనా, నిలబెట్టింది కృష్ణన్.

జాలరిపేట_కుర్రోడు (విశాఖపట్నం)

మాది పెదజాలరిపేట. నాకు పుస్తకాలు తెల్దు గానీ మా పెద్దోళ్లు చెప్పుకునే మాట చెప్తాను. ఆ రాత్రి పేలుడికి పేటంతా లేచి కూకుంది. భూకంపమనుకున్నారంట. మర్నాడు ఏటకెళ్లిన తెప్పలోళ్లకి నీల మీద నూనె తెట్టు, ముక్కలు కనబడ్డాయి. ఆళ్లే తెచ్చి నేవీ వోళ్లకి అప్పగించారు. పేటలో ఇప్పుడు కూడా ఆ జాగా తెలిసిన ముసిలోళ్లున్నారు, అటేపు వల ఎయ్యరు, చిక్కుకుంటాదని.

ఆ యుద్ధంలో మా వోళ్ల పేరు ఎక్కడా రాయరు అన్నా. ఈ చర్చలోనైనా ఒక ముక్క ఉండాలని రాసాను.

కురుసుర_గట్టు

తమ్ముడూ, రాసి మంచి పని చేశావు. మత్స్యకారులు తెచ్చిన వాటిలో డయాబ్లో అన్న అమెరికన్ పేరు అచ్చేసిన లైఫ్ జాకెట్ ఉంది. మునిగింది గాజీయేనని పట్టుకోవడానికి అదొక పెద్ద ఆధారం. తర్వాత డైవర్లు దిగి ధ్రువపరిచారు. డిసెంబరు 9న గానీ ప్రభుత్వం ప్రకటించలేదు. మీ పేట పాత్ర చరిత్రలో ఉంది, మనమే చెప్పుకోవడం లేదు.

డాలస్_శ్రీ

2017లో వచ్చిన ఘాజీ సినిమా చూసి నేను మన జలాంతర్గామే గాజీని ముంచిందనుకునేవాణ్ని. ఇక్కడ పిల్లలందరికీ అదే చరిత్ర.

చరిత్రపిచ్చి

అది పూర్తిగా కల్పన శ్రీ గారూ. ఏ భారత జలాంతర్గామీ గాజీతో తలపడలేదు. పిల్లలకి చెప్పాలంటే రాజ్‌పుత్ గురించీ, ఇందర్ సింగ్ గురించీ చెప్పండి. నిజమే ఎక్కువ ఉత్కంఠగా ఉంది.

పాత_నావికుడు

తాతయ్య గారి ప్రశ్నకి నాదో జవాబు. గాజీ ముప్పుని తేలిగ్గా తీసుకోకూడదు అనడానికి పడమటి వైపు చూడండి. గాజీ మునిగిన ఆరు రోజుల్లోపే, డిసెంబరు 9 రాత్రి, డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతో పాటే వెళ్లిపోయారు. ఒక్క జలాంతర్గామి ఒక్క రాత్రిలో ఏం చెయ్యగలదో అది. విక్రాంత్ మీద వెయ్యి మందికి పైగా ఉంటారు. గాజీకి విక్రాంత్ దొరికి ఉంటే ఈ యుద్ధం గురించి మనం ఇవాళ మాట్లాడుకునే తీరే వేరు. కృష్ణన్ గారు విక్రాంత్‌ని దాచారంటే ఓడని కాదు దాచింది, అందులోని మనుషుల్ని.

నౌకాదళంలో పనిచేసిన ఎవరినైనా అడగండి. మంచి అడ్మిరల్ అంటే ఏంటంటే, తన కింద ఉన్నవాణ్ని అనవసరంగా చావనివ్వనివాడు అంటారు.

ఉషోదయం

ఈ మాట మనసుకి తాకింది. విక్రాంత్ అండమాన్ నుంచి బయల్దేరాక ఏం చేసిందో కూడా ఎవరైనా రాయండి. అందరూ గాజీ దగ్గరే ఆగిపోతారు.

కురుసుర_గట్టు

డిసెంబరు 4 పగలు సీ హాక్‌లు ముందు కాక్స్ బజార్ విమానాశ్రయం మీద పడ్డాయి, మధ్యాహ్నం చిట్టగాంగ్ మీద. ఆ రోజు నుంచి చిట్టగాంగ్, ఖుల్నా, మోంగ్లా రేవులు, ఓడలు, నూనె ట్యాంకులు, రన్‌వేలు వరసగా దెబ్బతిన్నాయి. పగలు సీ హాక్, రాత్రి అలీజ్. దాదాపు 300 సార్లు విమానాలు ఎగిరాయి. పగిలిన బాయిలర్‌తో ఉన్న ఓడ మీంచి!

దీని ఫలితం బాంబుల లెక్కలో కనిపించదు. తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న సైన్యానికి మూడు వైపులా నేల మీద మన సైన్యం, బెంగాలీల విమోచన సేన ముక్తి వాహిని. మిగిలిన ఒకే గుమ్మం సముద్రం. ఆ గుమ్మానికి కృష్ణన్ గొళ్లెం పెట్టాడు. సాయం లోపలికి రాదు, సైన్యం బయటికి పోలేదు. ఢాకాలో నియాజీ చేతులెత్తెయ్యడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటని నా గట్టి నమ్మకం. లొంగుబాటు ఫొటోలో ఆయన నిలబడ్డ చోటు మర్యాద కోసం ఇచ్చింది కాదు, సంపాదించుకున్నది.

తర్కం_తాతయ్య

దిగ్బంధం విషయంలో నాకు అభ్యంతరం లేదు, ఒప్పుకుంటాను. కానీ నిండు బొమ్మ గీయాలంటే రెండు చేదు సంగతులు కూడా చెప్పుకోవాలి.

ఒకటి, కాక్స్ బజార్ దగ్గర దళాల్ని దింపడం. బర్మా వైపు పారిపోయే పాకిస్తాన్ సైనికుల్ని ఆపాలని డిసెంబరు నడిమిలో హడావిడిగా చేశారు. తీరం వాలు సరిగ్గా తెలియదు, గూర్ఖా జవాన్లకి సముద్రంలో దిగిన అలవాటు లేదు. లోతు అంచనా తప్పి కొందరు మునిగి చనిపోయారు. తీరా ఒడ్డున శత్రువు లేడు. యుద్ధాభ్యాసం లేకుండా ఇలాంటి పనికి దింపినందుకు పైవాళ్లే జవాబు చెప్పాలి.

రెండోది డిసెంబరు 10న ఖుల్నా దగ్గర. కమాండర్ సామంత్ నడిపిస్తున్న చిన్న గన్‌బోట్లు పద్మ, పలాష్, పన్వేల్. వాటిలో మొదటి రెండిటినీ మన వాయుసేన విమానాలే శత్రువులవనుకుని కాల్చేశాయి. పలాష్ ఇంజిన్ రూమ్‌లో పనిచేసే రుహుల్ అమీన్ ఓడని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు, బంగ్లాదేశ్ ఆయనకి తన అత్యున్నత శౌర్య పురస్కారం వీరశ్రేష్ఠ ఇచ్చింది. ఇలాంటివి కూడా ఆ యుద్ధంలో భాగం.

పాత_నావికుడు

ఇవి చెప్పడం అవసరమే. దాచకూడదు. కాక్స్ బజార్ సంగతి మా శిక్షణలో కూడా చెప్పేవారు, తీరం చూడకుండా దళాల్ని దింపకూడదని. ఆ తప్పు నుంచి తర్వాతి వాళ్లు నేర్చుకున్నారు. రుహుల్ అమీన్ లాంటి వాళ్ల పేరు వింటే ఇంజిన్ రూమ్ వాడిగా నాకు గుండె నిండుతుంది.

సామంత్ గారి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అంతకుముందు ఆగస్టులో, అంటే యుద్ధం ప్రకటించక ముందే, ప్లాసీ దగ్గర ఆయన పర్యవేక్షణలో మన నౌకాదళం శిక్షణ ఇచ్చిన బెంగాలీ కుర్రాళ్లు ఒకే రాత్రి చిట్టగాంగ్, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణ్‌గంజ్ రేవుల్లో ఓడలకి మందుపాతరలు అంటించి పేల్చారు. ఒంటికి మైన్ కట్టుకుని, నదిలో ఈదుకుంటూ పోయి. అది వేరే చర్చ అవుతుంది, కానీ ఆ రేవులు డిసెంబరుకి ముందే సగం కుంటుపడ్డాయంటే వాళ్ల వల్లే.

ఓరుగల్లు_అన్న

అమెరికా ఏడో దళం కూడ వచ్చింది కద అన్నా బంగాళాఖాతంలకి? అప్పుడు కృష్ణన్ సార్ పరిస్థితి ఏంది?

చరిత్రపిచ్చి

వచ్చింది. పాకిస్తాన్‌ని వెనకేసుకొచ్చిన అమెరికా పంపిన ఎంటర్‌ప్రైజ్ అనే అణుశక్తి విమాన వాహక నౌక, వెంట ఇంకొన్ని ఓడలు. డిసెంబరు నడిమిలో బంగాళాఖాతంలో అడుగుపెట్టింది. పోల్చడానికే లేదు. విక్రాంత్ దగ్గర దగ్గర 20 వేల టన్నులు, ఎంటర్‌ప్రైజ్ దానికి నాలుగింతల పైమాట. వాటి మీదున్న విమానాల తేడా ఇంకా ఎక్కువ. వాటి వెనకే మన పక్షాన రష్యా ఓడలు కూడా వచ్చాయి.

అయినా మన నౌకలు చిట్టగాంగ్ ముందు నుంచి కదల్లేదు, దాడులు ఆపలేదు. నాకు కృష్ణన్ కెరీర్ మొత్తంలో అతి పెద్ద పరీక్ష ఇదేననిపిస్తుంది. గాజీ ఎదుట తెలివి చాలు. ఎంటర్‌ప్రైజ్ ఎదుట తెలివి ఏమీ చెయ్యదు, చేస్తున్న పని ఆపకుండా చెయ్యడం ఒక్కటే మిగులుతుంది. అమెరికా వాళ్లు జోక్యం చేసుకునేలోపే ఢాకా పడిపోయింది.

డాలస్_శ్రీ

యుద్ధం తర్వాత ఆయన ఏమయ్యారు?

కురుసుర_గట్టు

పద్మభూషణ్ వచ్చింది. నౌకాదళాధిపతి మాత్రం కాలేదు. రిటైరయ్యాక కొచ్చిన్ షిప్‌యార్డ్‌కి చైర్మన్‌గా పనిచేశారు. 1982లో చనిపోయారు. అదే కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో మనం సొంతంగా కట్టుకున్న కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. పాత విక్రాంత్ 1997లో సేవ నుంచి తప్పుకుని, 2014లో ముక్కలైంది. దాన్ని మ్యూజియంగా నిలబెట్టలేకపోయామన్న బాధ నాకు పోదు.

జాలరిపేట_కుర్రోడు

అన్నా, బీచ్ రోడ్డులో 71 యుద్ధానికి కట్టిన విజయ స్తూపం ఉంది కదా, దాని ముందు రోజూ జనం సెల్ఫీలు దిగుతారు. ఎవుడైనా అడిగితే చెప్పడానికి ఒక మనిషి ఉండాలి అక్కడ. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలో గైడ్లు ఉన్నట్టు.

కురుసుర_గట్టు

మంచి మాట. ఆ స్తూపం 1996లో కట్టారు, తెలుగులో పూర్తి వివరం రాసిన పలక ఒకటి అక్కడ పెట్టమని మనందరం కలిసి వినతి పెడదాం. అందులో కృష్ణన్ పేరు, ఇందర్ సింగ్ పేరు, మత్స్యకారుల సంగతి మూడూ ఉండాలి. మాటలు నేను రాస్తాను, తేదీలు చరిత్రపిచ్చి గారు సరిచూడాలి, బాయిలర్ వాక్యం పాత నావికుడు గారిదే. తర్కం తాతయ్య గారూ, పేలుడు కారణం దగ్గర ఏం రాయాలో మీరు చెప్పండి, ఎవరూ వేలెత్తి చూపకూడదు.

తర్కం_తాతయ్య

"1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఈ తీరానికి ఎదురుగా పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగింది." ఇంతవరకే రాయండి. ఇందులో ప్రతి ముక్కా రుజువైనదే. దాని కింద అందులో చనిపోయిన నావికుల సంగతి కూడా ఒక వాక్యం ఉండాలి.

పాత_నావికుడు

ఉండాలి. నేనూ అదే అడగబోతున్నాను. వినతిలో మొదటి సంతకం నాది వేసుకోండి.